మోటారు పందెముల సంఘములు



స్పోర్ట్స్ కారుల సంఘమనగానే మన పల్లెలలో పలువురు తలంచునది ఒక్కటే: కలిగినవారి పిల్లలు నలుగురు గుమిగూడి, తండ్రుల సొమ్ముతో కొన్న బండ్లను వెఱ్ఱివేగమున తోలుకొనుట. ఇందు కొంత నిజము లేకపోలేదు. అయినను అట్టి తోలకమునకును, సంఘము జరుపు పందెమునకును గల భేదము చాల గొప్పది. ఆ భేదమును తెలిసికొనవలసిన అవసరము మనకిప్పుడు కలిగినది. కర్నూలు నుండి నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమఱ్ఱి మీదుగా కడపకు పోవు రోడ్డు ఒకప్పుడు ఎదురుబండి వచ్చినచో ఒదిగి పోవలసిన రోడ్డు. ఇప్పుడది నాలుగు వరుసల జాతీయ రహదారి. పూర్వము 18వ నంబరుగా నుండిన దానికి 2010 నుండి 40వ నంబరు వచ్చినది. అంత విశాలమైన రోడ్డును చూచిన పడుచువాని కాలు వేగపు మీటపై నిలుకడగా నుండుట కష్టము.

ముందుగా స్పోర్ట్స్ కారనగా నేమో చెప్పెదను. ఇది సామాను మోయుటకు గాని, పది మంది కూర్చుండుటకు గాని చేసినది కాదు. సాధారణముగా ఇద్దఱికే చోటు. నేలను రాచుకొనునట్లు పల్లముగా నుండును. ఈ పల్లపుతనము సొగసుకొఱకు మాత్రమే కాదు. గడ్డి ఎత్తుగా వేసిన బండి మలుపులో ఒరిగి పడుటయు, అదే బండి వట్టిదైనచో సుఖముగా తిరుగుటయు మీరెఱుగనిది కాదు. బరువు నేలకెంత దగ్గఱగా నున్న, మలుపులో బండి అంత నిలుకడగా నుండును. ఈ కారుల కిటుకంతయు తిన్నని దారిలో కంటె మలుపులోనే కలదు.

ఇక సంఘము చేయు పని. మన సీమలో తిరునాళ్లకు జరుగు బండలాగుడు పోటీలను తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. అక్కడ ఏ జతనైనను ఏ జతతోనైనను కట్టరు. పాలపండ్ల కోడెలు వేఱు, రెండు పండ్లవి వేఱు, నాలుగు, ఆరు పండ్లవి వేఱు, ముదురు ఎద్దులు వేఱు. బండ తూకము ముందే నిర్ణయింతురు. గడియారము పట్టుకొని ఒకరు, అడుగులు కొలుచుటకు ఒకరు నిలుతురు. గట్టుకు ఇవతల జనము, అవతల ఎద్దులు. మోటారు సంఘమువారు చేయునదియు ఇదియే. పండ్లకు బదులు ఇంజను పరిమాణమును చూచి తరగతులేర్పఱతురు. జనమును గట్టుకు ఇవతల నుంచుట వారికిని అన్నిటికంటె పెద్ద పని.

ఈ కట్టుబాట్లు ఊరక పుట్టినవి కావు. 1903 మే నెలలో పారిసు నుండి మాడ్రిడ్డుకు బహిరంగపు రోడ్లమీద ఒక గొప్ప పందెము సాగినది. దారిపొడవున జనము రోడ్డుమీదికే వచ్చి నిలిచిరి. బోర్డో పట్టణము చేరులోపలనే తోలువారును, చూడవచ్చినవారును పలువురు మరణించిరి. రెనో కారులు చేయు సోదరులలో మార్సెల్ అనునతడు వారిలో నొకడు. ప్రభుత్వము పందెమును అక్కడనే నిలిపివేసినది. ఇంజనులు నడుపకూడదని కట్టడి చేయుటచే, ఆ కారులను గుఱ్ఱములచే రైలుస్టేషనుకు లాగించిరని చెప్పుదురు. ఇంగ్లండులో నాటి చట్టము గంటకు 20 మైళ్లకు మించి రోడ్డుపై పోరాదనెను. అందుచే లాక్ కింగ్ అను భూస్వామి తన సొంత భూమిలో బ్రూక్‌లాండ్స్ అను పందెపు బాటను కట్టించి 1907లో తెఱచెను. రోడ్డు నుండి పందెమును వేఱుచేసి, దానికొక చోటు చూపుట అనునది అక్కడ నుండియే ఊనుకొన్నది.

మనకు సమీపమున ఈ పని చేసినది మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు. 1953లో స్థాపింపబడినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున విమానములకై వేసి విడిచిన షోలవరము బాటపై వీరు చాల ఏండ్లు పందెములు జరిపిరి. పిదప శ్రీపెరుంబుదూరు దగ్గఱ ఇరుంగట్టుకోట్టైలో తమ సొంత బాటను నిర్మించుకొనిరి. 1990 నుండి అక్కడ పందెములు జరుగుచున్నవి. చుట్టు కొలత సుమారు 3.7 కిలోమీటరులు. వింతయేమన, మన యింటి ముందరి రోడ్డే అక్కడికి దారి. ఆళ్లగడ్డ నుండి కడప, రాయచోటి, చిత్తూరు మీదుగా రాణిపేట చేరిన 40వ నంబరు ముగియును. అక్కడ తూర్పునకు మద్రాసు రోడ్డు పట్టిన, ఇరుంగట్టుకోట్టై ఆ దారిలోనే తగులును.

అక్కడ నొక పందెమును నేను చూచితిని. పందెము జరిగినది కొద్ది నిమిషములు, దానికి సిద్ధపడుట మాత్రము గంటల కొలది. ప్రతి కారును పరీక్షకులు విప్పి చూచిరి. కారు బోర్లపడినను తోలువాని తల నలుగకుండ లోపల ఉక్కుగొట్టముల పంజరము ఉన్నదా, భుజములను నడుమును బంధించు పట్టీలు సరిగా నున్నవా, నిప్పంటుకొనని దుస్తులు, హెల్మెట్, నిప్పునార్పు సాధనము ఉన్నవా అని చూచిరి. ఒక్కటి లోపించినను బాటపైకి రానియ్యరు. మలుపు మలుపునను మార్షల్ అనబడు స్వచ్ఛంద సేవకులు జెండాలతో నిలుతురు. పసుపుపచ్చ జెండా కనబడిన ముందు అపాయమున్నదనియు, ఎవరిని దాటరాదనియు అర్థము. నీలిజెండా వెనుక వేగముగా వచ్చువానికి దారి యిమ్మనును. ఎఱ్ఱజెండాకు పందెమే ఆగును. వైద్యుడును, అంబులెన్సును సిద్ధముగా లేనిదే మొదటి ఇంజను కదలదు. కడుపు నింపు కూలి లేకున్నను, ఎండలో దినమంతయు నిలిచిన ఆ జెండాల కుఱ్ఱవాండ్రు గెలిచినవానికంటె నాకు గొప్పగా తోచిరి.

ఈ ఆట ధనవంతులదే యను మాట చాలవఱకు సత్యమే. దానిని కొంత తగ్గించుటకై కోయంబత్తూరువాడగు కరివర్ధన్, మారుతి కారు ఇంజనుతో తక్కువ వ్యయమున పందెపు కారును రూపొందించెను. అట్టి కారులతోనే నరైన్ కార్తికేయన్ 1993లో శ్రీపెరుంబుదూరున తన పందెములు మొదలిడి, 2005లో ఫార్ములా వన్ పందెములలో తోలిన మొదటి భారతీయుడయ్యెను. కరివర్ధన్ అది చూడలేదు. 1995లో విమాన ప్రమాదమున మరణించెను. కోయంబత్తూరున ఆయన పేర నొక పందెపు బాట కలదు.

సంఘములు జరుపునవన్నియు వేగపు పందెములు కావు. మనకు నచ్చదగిన పందెమింకొకటి కలదు. దానియందు అందఱికంటె ముందు వచ్చినవాడు ఓడవచ్చును. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటరులు. గంటకు 40 కిలోమీటరుల చొప్పున పొమ్మని నిబంధన యిచ్చినారనుకొందము. సరిగా గంటకు చేరవలెను. ఆలస్యమైన తప్పు, ముందు చేరినను తప్పు. దారిలో ఎక్కడెక్కడ గడియారము చూతురో ముందుగా చెప్పరు. కావున తోలువాడు ప్రతి మైలునను నిదానముగా నుండక తప్పదు. ప్రక్కన కూర్చున్నవాడు దారికాగితము చదివి, లెక్క కట్టి చెప్పును. మద్రాసు, బొంబాయి మొదలగు నగరములలో ఆ దారికాగితమును బ్రెయిలీ లిపిలో అచ్చొత్తి, చూపులేనివారి చేతికిచ్చి ర్యాలీలు జరిపియున్నారు. కన్నులున్నవాడు తోలును, లేనివాడు దారి చూపును. ఇట్టి పందెమునకు మన రోడ్డునైనను సంతోషముగా ఇయ్యవచ్చునని నా యభిప్రాయము.

నగరపు వీథులనే మూసి పందెములు వేయుటయు ఇటీవల వచ్చినది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుచ్ఛక్తితో నడచు కారుల అంతర్జాతీయ పందెము జరిగినది. భారతదేశమున అట్టిది అదియే మొదటిది. చూచినవారు మెచ్చిరి, వీథులు మూయుటచే చుట్టు తిరుగవలసి వచ్చినవారు విసిగిరి. మఱుసటి యేడు జరుగవలసిన పందెము రద్దయినది.

ఇన్ని జాగ్రత్తలున్నను అపాయము లేకుండ పోలేదు. 1957లో ఇటలీదేశపు వేయి మైళ్ల పందెమున ఒక కారు చక్రపు టైరు పగిలి, దారిప్రక్కనున్న తొమ్మండుగురు ప్రేక్షకులు చనిపోయిరి, అందైదుగురు పిల్లలు. ఆ పందెము ఆ రూపమున మరల జరుగలేదు. మన దేశమందే 2019 సెప్టెంబరులో జోధ్‌పూరు ప్రాంతమున ర్యాలీకై మూసిన దారిలోనికి ఒక మోటారుసైకిలు వచ్చి, దానిపైనున్న ఒకే కుటుంబమువారు మువ్వురు కారు తగిలి మరణించిరి. మూసినామనుకొన్న దారి పల్లెవానికి మూసినట్లు తెలియకున్న, అది మూసిన దారి కాదు.

మూసిన దారియే యిట్లుండగా, తెఱచిన రహదారి మాట చెప్పనేల? ఒక చిన్న లెక్క చూడుడు. పొడి తారురోడ్డుమీద 40 కిలోమీటరుల వేగమున పోవు కారు బ్రేకు వేసిన తరువాత ఇంచుమించు 9 మీటరులలో ఆగును. వేగము రెట్టింపై 80 అయిన, ఆగుటకు 18 కాదు, 36 మీటరులు పట్టును. 120 అయినచో సుమారు 80 మీటరులు. బ్రేకుమీద కాలు పడులోపల గడచు ఒక్క క్షణములోనే కారు మఱి 33 మీటరులు పోవును. చీకటిలో దీపములేని వడ్లట్రాక్టరు గాని, రోడ్డు దాటుచున్న బఱ్ఱె గాని అంత దూరమునుండి కనబడునా?

చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 189వ సెక్షను ప్రకారము, రాష్ట్ర ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి లేక బహిరంగ స్థలమున వేగపు పందెము వేయుట నేరము. పాల్గొన్నవాడే కాదు, వేయనిచ్చినవాడును నేరస్థుడే. 2019లో చేసిన సవరణచే మొదటిసారి మూడు నెలల వఱకు ఖైదు గాని, 5,000 రూపాయల వఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. అదే సవరణచే చేరిన 199ఏ సెక్షను పెద్దలకు మఱింత ముఖ్యము. పదునెనిమిది యేండ్లు నిండని పిల్లవాడు బండి తోలి నేరము చేసిన, అతని సంరక్షకునికి గాని బండి యజమానికి గాని మూడేండ్ల వఱకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయును కలదు. తనకు తెలియకుండ జరిగినదని గాని, తాను తగిన జాగ్రత్త తీసికొంటినని గాని ఋజువు చేసికొన్ననే తప్పించుకొనును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు రాదు. మనుమడు ముద్దుగా అడిగినాడని తాళపుచెవి యిచ్చు తాతలు ఈ సెక్షను నొకమాఱు చదివించుకొని వినవలెను.

ఏ సంఘమువారైనను మీ గ్రామపు దారిని ర్యాలీకై అడుగవచ్చినచో, వెంటనే కాదనవలదు, వెంటనే ఔననవలదు. ప్రభుత్వపు అనుమతి పత్రమును, భారత మోటార్ స్పోర్ట్స్ సంఘముల సమాఖ్యవారి అనుమతిని చూపుమనుడు. ఇన్సూరెన్సు ఎవరెవరికి వర్తించునో అడుగుడు. దారి ఏ గంటకు మూసి ఏ గంటకు తెఱతురో రెండు దినములు ముందుగా ప్రతి వీథిలోను దండోరా వేయింపుమనుడు. పొలముల నుండి రోడ్డెక్కు ప్రతి బండిబాట మొదట ఒక మనిషిని నిలుపుదురా, ప్రసవ వేదన పడు స్త్రీని ఆస్పత్రికి తీసికొనిపోవలసి వచ్చిన పందెమును ఎవరు ఆపింతురు, సాయంకాలము మేతనుండి తిరిగివచ్చు మందలను ఏ దారిని మళ్లింతురు అను మూడింటికిని జవాబు కాగితముమీద వ్రాయించుకొని, అటుపిమ్మట గ్రామసభలో ఆ సంగతి ఎత్తుడు.