చిన్న అల్యూమినియం పడవ

చిన్న అల్యూమినియం పడవ అనగా సుమారు 10 నుండి 16 అడుగుల పొడవు కలిగి, పలుచని అల్యూమినియం మిశ్రలోహపు రేకుతో తయారైన, పైకప్పు లేని తేలికపాటి పడవ. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, కెనడాలోను సరస్సులు, జలాశయాలు, నెమ్మదిగా పారే నదులలో చేపలు పట్టడానికి, విహారానికి ఈ పడవలను విరివిగా వాడుతారు. ఆ దేశాలలో ఉద్యోగ విరమణ చేసినవారు మొట్టమొదటిసారిగా కొనుక్కునే పడవలలో ఇది ముఖ్యమైనది. ధర తక్కువ కావడం, బరువు తక్కువ కావడం, రంగులు, మరమ్మతుల బెడద అంతగా లేకపోవడం ఇందుకు కారణాలు. అయితే అరవై ఏళ్ళు దాటిన వ్యక్తి పడవను ఎంచుకునేటప్పుడు వేగం, అందం కంటే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవలసి ఉన్నది. ఈ పడవను తాను నీటిలోకి దించి తిరిగి ఒడ్డుకు చేర్చగలడా? నీటిలో పడితే మళ్ళీ దానిలోకి ఎక్కగలడా? మిగిలిన విషయాలన్నీ ఈ రెండింటి చుట్టూ తిరుగుతాయి.

చరిత్ర

1886లో అమెరికాలో ఛార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ అనే యువకులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా విద్యుద్విశ్లేషణ ద్వారా అల్యూమినియంను చవకగా తయారుచేసే పద్ధతిని కనుగొన్నారు. అంతకుముందు ఈ లోహం ఎంతో ఖరీదైనది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల తయారీ వలన అల్యూమినియం రేకును వంచడంలోను, రివెట్లతో బిగించడంలోను అమెరికా కర్మాగారాలకు గొప్ప అనుభవం కలిగింది.

యుద్ధ విమానాలు తయారుచేసిన గ్రమ్మన్ సంస్థ ఉపాధ్యక్షుడు విలియం హాఫ్‌మన్ 1944లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆడిరాండాక్ కొండలకు విహారానికి వెళ్ళాడు. కర్ర చట్రంపై గుడ్డ తొడిగిన బరువైన పడవను ఒక సరస్సు నుండి మరొక సరస్సుకు మోసుకుపోవలసి రావడంతో, విమానాలకు వాడే లోహంతోనే పడవను ఎందుకు చేయరాదన్న ఆలోచన ఆయనకు కలిగింది. 1945లో గ్రమ్మన్ సంస్థ అల్యూమినియం కనూల తయారీ మొదలుపెట్టింది. మిన్నెసోటా రాష్ట్రంలో 1946లో అల్యూమాక్రాఫ్ట్ పడవలు ఆరంభమైనాయి. 1948లో అదే రాష్ట్రంలోని న్యూయార్క్ మిల్స్ అనే ఊరిలో హోవర్డ్ లండ్ తన మొదటి అల్యూమినియం పడవను తయారుచేశాడు. 1978లో మిస్సోరీ రాష్ట్రానికి చెందిన జానీ మోరిస్ పడవ, మోటారు, లాగుడు బండి (ట్రైలరు) మూడింటినీ కలిపి ఒకే ధరకు అమ్మే పద్ధతిని ట్రాకర్ పడవలతో ప్రచారంలోకి తెచ్చాడు. కొత్తగా కొనేవారికి నేటికీ ఎక్కువగా ఎదురయ్యే పద్ధతి ఇదే.

లోహం, నిర్మాణం

అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు. ఉక్కు సాంద్రత దాదాపు 7.8 గ్రాములు. అనగా ఒకే మందం గల రేకులలో అల్యూమినియం బరువు ఉక్కులో మూడవ వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే. గాలి తగిలిన వెంటనే లోహం ఉపరితలంపై పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. అందువలన మంచినీటి సరస్సులలో తిరిగే పడవకు రంగు వేయకపోయినా తుప్పు పట్టదు. పడవలకు సాధారణంగా మెగ్నీషియం కలిపిన 5052, 5086 అనే మిశ్రలోహాలను వాడుతారు. చిన్న పడవలలో రేకు మందం సుమారు 1.3 నుండి 2.5 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. రాళ్ళు ఎక్కువగా ఉన్న ఒడ్డులలో మందపు రేకు మేలు. కాని మందంతో పాటు బరువు కూడా పెరుగుతుంది.

రేకులను రివెట్లతో గాని, వెల్డింగుతో గాని కలుపుతారు. రివెట్ల పడవ ధర తక్కువ, బరువు తక్కువ. కొన్నేళ్ళకు రివెట్లు వదులై నీరు కారవచ్చును గాని వాటిని తిరిగి బిగించడం పెద్ద పని కాదు. వెల్డింగు పడవ గట్టిది, ధర ఎక్కువ. అతుకు వద్ద పగులు వస్తే దానిని సరిచేయడానికి అల్యూమినియం వెల్డింగు బాగా తెలిసిన పనివాడు కావాలి.

అడుగుభాగపు ఆకృతి

చిన్న పడవలు ముఖ్యంగా రెండు రకాలు.

జాన్ బోటు: అడుగు చదునుగా, ముందుభాగం (అణియం) నలుచదరంగా ఉంటుంది. జానెడు లోతు నీటిలో కూడా తేలుతుంది. నిశ్చలమైన నీటిలో కదలకుండా నిలబడుతుంది. కాబట్టి ఎక్కడం, దిగడం సులభం. అయితే అల వచ్చినప్పుడు చదునైన అడుగు నీటిపై దబదబ కొట్టుకుంటుంది. పెద్ద అలలు ముందుభాగం మీదుగా లోపలికి వచ్చే అవకాశం ఉన్నది.

వీ ఆకారపు పడవ: ముందుభాగం మొనదేలి, అడుగు ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో ఉంటుంది. అలలను చీల్చుకుంటూ పోతుంది. నిలిపి ఉంచినప్పుడు మాత్రం జాన్ బోటు కంటే కొంచెం ఎక్కువగా ఊగుతుంది. ముందు భాగంలో వీ ఆకారం, వెనుక భాగంలో (అమరం) చదును కలిగిన మధ్యరకం పడవలు కూడా ఉన్నాయి.

ఇక్కడ కొత్తవారు పొరబడే విషయం ఒకటి ఉన్నది. చదునైన పడవ మొదట ఏమాత్రం ఒరగదు. అందుచేత అది అన్ని వేళలా క్షేమమనిపిస్తుంది. కాని ఒక హద్దు దాటి ఒరిగితే ఒక్కసారిగా అంచు నీటిలో మునుగుతుంది. కనుక స్థిరత్వమనేది పడవలో మనుషులు కూర్చున్న తీరుపై కూడా ఆధారపడుతుంది. మనిషి లేచి నిలబడినప్పుడు గరిమనాభి పైకి జరిగి, పడవ ఒరిగే ప్రమాదం పెరుగుతుంది.

చుట్టూ చెట్లు ఉండి గాలి తగలని చెరువులకు, చిన్న జలాశయాలకు జాన్ బోటు సరిపోతుంది. ఆవలి ఒడ్డు దూరంగా ఉండే సరస్సులలో గాలికి అలలు త్వరగా పెరుగుతాయి. అటువంటి చోట 14 అడుగుల వీ ఆకారపు పడవ మేలు.

జాన్ బోట్ల పేర్లలోని అంకెలు చాలావరకు వాటి కొలతలే. ఉదాహరణకు 1236 అంటే 12 అడుగుల పొడవు, అడుగుభాగం వద్ద 36 అంగుళాల వెడల్పు. 1448 అంటే 14 అడుగుల పొడవు, 48 అంగుళాల వెడల్పు. మోకాళ్ళ నొప్పులు గలవారికి, నడకలో తూలు గలవారికి పొడవు కంటే వెడల్పే ముఖ్యం.

మోయగల బరువు

అమెరికాలో 20 అడుగుల లోపు పొడవు గల చాలా రకాల మోటారు పడవలపై సామర్థ్య ఫలకం ఉండాలన్న నియమం 1972 నవంబరు నుండి అమలులో ఉన్నది. మనుషుల సంఖ్య, మనుషుల బరువు, మోటారు, సామానుతో కలిపి మొత్తం బరువు, మోటారు గరిష్ఠ అశ్వశక్తి దానిపై ఉంటాయి. ఫలకం లేని పాత పడవలకు ఒక సులభ సూత్రం కలదు. పొడవును, వెడల్పును అడుగులలో గుణించి 15తో భాగించాలి. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల పడవకు 48ని 15తో భాగిస్తే 3.2 వస్తుంది. అనగా ముగ్గురు. ఈ లెక్క ప్రశాంత వాతావరణానికి మాత్రమే వర్తిస్తుంది.

మనుషుల సంఖ్య కంటే మొత్తం బరువును లెక్కించడం ముఖ్యం. ఒక్కొక్కరు 75 కిలోల చొప్పున దంపతులిద్దరు 150 కిలోలు, 9.9 అశ్వశక్తి మోటారు సుమారు 40 కిలోలు, సీసపు బ్యాటరీ 25 కిలోలు, పెట్రోలు డబ్బా 10 కిలోలు, లంగరు, తెడ్లు, సామాను 20 కిలోలు అనుకుంటే మొత్తం 245 కిలోలు అవుతుంది. ఫలకంపై 260 కిలోలు అని ఉంటే ఆ పడవలో మనుమడిని కూర్చోబెట్టడానికి చోటు కనిపించవచ్చును గాని, పడవకు ఆ బరువు మోసే శక్తి లేదు.

పడవ సొంత బరువు మరొక లెక్క. 12 అడుగుల పడవను ఇద్దరు మనుషులు కలిసి కారుపైకి ఎత్తవచ్చును. ఒంటరిగా అది సాధ్యం కాదు. నడుము నొప్పి, గుండె జబ్బు గలవారు ఆ ప్రయత్నం చేయరాదు. చేతితో తిప్పే చక్రం (వించి) గల ట్రైలరు ఉంటే 14 అడుగుల పడవను కూడా ఒక్కరే దించగలుగుతారు. ట్రైలరు ముందు కొస, కారు కొక్కెంపై మొత్తం బరువులో సుమారు పదవ వంతు మోపాలి. అంతకు బాగా తగ్గితే దారిలో ట్రైలరు అటూ ఇటూ ఊగుతుంది.

మోటారు

నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో పడవ వెనుక తగిలించే మోటారును వాణిజ్యపరంగా విజయవంతం చేశాడు. నేటి చిన్న పడవలకు 2.5 నుండి 9.9 అశ్వశక్తి గల ఫోర్ స్ట్రోక్ మోటార్లు సరిపోతాయి. చిన్న మోటార్లను తాడు లాగి నడిపించాలి. భుజం నొప్పి ఉన్నవారు కొనకముందే ఒకసారి లాగి చూడాలి, లేదా మీట నొక్కితే నడిచే రకాన్ని తీసుకోవాలి. మోటారు కాడ పొడవు పడవ వెనుక గోడ ఎత్తుకు సరిపోవాలి. 15 అంగుళాలు, 20 అంగుళాలు సాధారణ కొలతలు.

తాగునీటి జలాశయాలలో చాలాచోట్ల పెట్రోలు మోటార్లను అనుమతించరు. అక్కడ బ్యాటరీ మోటారు తప్ప మార్గం లేదు. ఉత్తర డకోటాలోని ఫార్గో పట్టణంలో 1934లో ప్రారంభమైన మిన్ కోటా మోటార్లు ఈ రకంలో పేరుపొందినవి. 12 వోల్టుల మోటారు పూర్తి వేగంలో ఒక్కొక్క పౌండు తోపుడు బలానికి సుమారు ఒక ఆంపియరు విద్యుత్తు తీసుకుంటుంది. 50 పౌండ్ల మోటారుకు 100 ఆంపియర్ గంటల బ్యాటరీ లెక్క ప్రకారం రెండు గంటలు రావాలి. అయితే సీసపు బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కనుక ఒక గంటే అనుకోవడం మంచిది. వేగం తగ్గిస్తే ఎక్కువ సమయం వస్తుంది. అదే సామర్థ్యం గల లిథియం బ్యాటరీ ధర ఎక్కువ, కాని దాదాపు సగం బరువే ఉంటుంది. ఏ మోటారు ఉన్నా తెడ్లు తప్పక వెంట ఉండాలి.

భద్రత

అమెరికా తీర రక్షక దళం లెక్కల ప్రకారం 2023లో విహార పడవల ప్రమాదాలలో 564 మంది మరణించారు. కారణం తెలిసిన మరణాలలో నాలుగింట మూడు వంతులు నీట మునగడం వల్లనే జరిగినవి. అలా మునిగినవారిలో 87 శాతం మంది లైఫ్ జాకెట్ ధరించలేదు. ప్రతి మనిషికి ఒక జాకెట్ పడవలో ఉండాలని చట్టం చెబుతుంది. కాని బల్ల క్రింద దాచిన జాకెట్ వలన ప్రయోజనం లేదు. పడిపోయిన తరువాత నీటిలో దానిని తొడుక్కోవడం ఎంతో కష్టం.

చల్లని నీటిలో పడినవారి విషయంలో కెనడాలోని మనిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గార్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారం చేసిన 1-10-1 సూత్రం గుర్తుంచుకోదగినది. మొదటి 1 నిమిషంలో ఎగశ్వాసను అదుపులోకి తెచ్చుకోవాలి. తరువాత సుమారు 10 నిమిషాల పాటే చేతులు, కాళ్ళు స్వాధీనంలో ఉంటాయి. శరీరం చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. ఈ సూత్రం మనిషి నీటిపై తేలుతూ ఉన్నాడనే అనుకుంటుంది. జాకెట్ లేనివారికి ఆ గంట దక్కకపోవచ్చు. వసంతకాలంలో ఎండ వెచ్చగా ఉన్నా సరస్సు నీరు చల్లగానే ఉంటుందన్నది మరువరాదు.

ఇతర జాగ్రత్తలు:

* వెనుకవైపు చిన్న నిచ్చెన అమర్చుకోవాలి. ఒడ్డుకు దగ్గరగా, తోడు ఉన్నప్పుడు, వెచ్చని నీటిలో ఒకసారి ఎక్కి చూడాలి.
* మోటారు ఆపుదల తాడును నడిపేవారు ఒంటికి తగిలించుకోవాలి. మనిషి పడిపోతే మోటారు ఆగిపోతుంది. 26 అడుగుల లోపు పడవలలో 3 లేక అంతకు మించిన అశ్వశక్తి మోటారుకు ఈ ఏర్పాటు ఉన్నట్లయితే, వేగంగా పోయేటప్పుడు దానిని వాడడం అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి.
* గాలి వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లు దాటితే అలలపై తెల్లని నురుగు విరివిగా కనిపిస్తుంది. కొత్తవారు ఒడ్డు చేరడానికి అది హెచ్చరిక.
* పడవ బోల్తాపడితే ఈదుకుంటూ ఒడ్డుకు పోవడానికి ప్రయత్నించక, పడవనే పట్టుకొని ఉండాలి.
* వెళ్ళే చోటు, తిరిగివచ్చే వేళ ఇంట్లోవారికి చెప్పి వెళ్ళాలి.

పాత పడవ కొనుగోలు

అల్యూమినియం పడవ దశాబ్దాలు మన్నుతుంది కనుక పాతది కొనడం సర్వసాధారణం. ట్రైలరుపై ఉన్న పడవలో కొన్ని అంగుళాల నీరు పోసి, క్రింది నుండి చూస్తే కారుతున్న రివెట్లు తెలుస్తాయి. మోటారు బిగించే వెనుక గోడలోని చెక్క పుచ్చిందేమో నొక్కి చూడాలి. బల్లల క్రింద ఉండే నురుగు దిమ్మలు ముఖ్యం. అల్యూమినియం నీటి కంటే బరువైనది కాబట్టి, నీరు నిండిన పడవను మునగకుండా ఆపేవి ఆ దిమ్మలే. అవి నీరు పీల్చి ఉంటే పడవ బరువు పెరుగుతుంది, ఆపదలో ఆదుకోవు. ఎవిన్‌రూడ్ మోటార్ల ఉత్పత్తి 2020లో ఆగిపోయింది కావున పాత మోటారు కొనేవారు విడిభాగాల సంగతి ముందే విచారించుకోవాలి. పడవ, ట్రైలరుల రిజిస్ట్రేషను కాగితాలు అమ్మేవారి పేరుతోనే ఉన్నవో లేదో చూడాలి.

నిర్వహణ, నియమాలు

రాగి కలిసిన రంగులు అల్యూమినియాన్ని తినివేస్తాయి. చెదలు పట్టకుండా రాగి లవణాలు ఎక్కించిన కలపను నేలబల్లలుగా వేస్తే, తడిలో ఆ కలప తగిలిన చోట రేకుకు చిల్లులు పడతాయి. మామూలు ప్లైవుడ్డుకు తగిన పూత పూసి వాడడం మేలు.

ఉత్తర అమెరికాలోని మహా సరస్సులలో 1988లో కనుగొన్న జీబ్రా ఆలుచిప్పలు అప్పటి నుండి అనేక సరస్సులకు వ్యాపించాయి. అందువలన ఒక సరస్సు నుండి మరొక సరస్సుకు పోయేముందు పడవను శుభ్రపరచి, నీరు వంచివేసి, ఆరబెట్టాలి. మిన్నెసోటాలో పడవను రోడ్డుపై తరలించేటప్పుడు అడుగున ఉండే నీటి బిరడాను తీసివేయడం చట్టరీత్యా తప్పనిసరి. తిరిగి నీటిలోకి దించేముందు ఆ బిరడాను బిగించడం మరచిపోవడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

కెనడాలో మోటారు పడవ నడిపే ప్రతివారికి 2009 సెప్టెంబరు 15 నుండి అర్హత పత్రం అవసరం. అమెరికాలో ఈ నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. ఆ దేశాలలో స్థిరపడిన తెలుగువారు, పిల్లల వద్దకు వెళ్ళిన తల్లిదండ్రులు పడవ కొనే ముందు ఆయా రాష్ట్రాల నియమాలను తెలుసుకొనవలెను. అనేక ఉద్యానవనాలలో ఇటువంటి పడవలు అద్దెకు దొరుకుతాయి. రెండు మూడు సార్లు అద్దె పడవలో తిరిగి, ఎక్కిదిగి, తెడ్డు వేసి చూసినట్లయితే తమ శరీరానికి ఏ పడవ తగినదో తేలిగ్గా తెలుస్తుంది. ఒంటరిగా దించలేని పెద్ద పడవ ఇంటి ముందు పడి ఉంటుంది. చేతికి అందే చిన్న పడవ నీటిపై ఉంటుంది.