తెహుపో అల ఎందుకంత డేంజర్? ఎత్తు ఒక్కటే చూస్తే పొరపాటే.. అసలు సంగతి నీటి అడుగున!

గాల్లో నిలబడినట్టున్న సర్ఫర్, పక్కనే నిలువుగా సర్ఫ్‌బోర్డు.. 2024 పారిస్ ఒలింపిక్స్ సమయంలో ప్రపంచమంతా ఫోన్లలో షేర్ చేసుకున్న ఫొటో ఇది. జులై 29న 9.90 స్కోరు తెచ్చిన అలను పూర్తి చేసి, బ్రెజిల్ స్టార్ గాబ్రియేల్ మెదీనా పైకి ఎగిరిన క్షణాన్ని ఏఎఫ్‌పీ ఫొటోగ్రాఫర్ జెరోమ్ బ్రూయే పడవలోంచి క్లిక్‌మనిపించారు. కానీ ఆ ఫొటోలో కనిపించనిది ఒకటుంది. ఆ అల విరిగే చోట నీటి లోతు చాలాసార్లు ఒక్క మీటరే. కింద ఉండేది ఇసుక కాదు, కత్తి అంచుల్లాంటి పగడపు దిబ్బ.

ఇంతకీ ఎక్కడుందీ తెహుపో?

పసిఫిక్ మహాసముద్రంలోని ఫ్రెంచ్ పాలినేషియాలో తాహితీ అనే ద్వీపం ఉంది. దానికి నైరుతి తీరాన ఉన్న చిన్న ఊరే తెహుపో. పారిస్‌కు దాదాపు 15,700 కిలోమీటర్ల దూరం. అయినా ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలను ఇక్కడే పెట్టారు. 24 మంది పురుషులు, 24 మంది మహిళలు పోటీపడ్డారు. తాహితీ కుర్రాడు కౌలీ వాస్త్, అమెరికా అమ్మాయి కరోలిన్ మార్క్స్ గోల్డ్ కొట్టారు.

రీఫ్ బ్రేక్ అంటే ఏంటి?

అలలు ఇసుక మేట మీద విరిగితే బీచ్ బ్రేక్. విశాఖ రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లకు తెలిసింది ఇదే. ఇసుక కదులుతూ ఉంటుంది కాబట్టి అల విరిగే చోటు కూడా మారిపోతుంది. రీఫ్ బ్రేక్‌లో అడుగున ఉండేది రాయి లేదా పగడపు దిబ్బ. అది కదలదు. అందుకే అల దాదాపు ఒకే చోట, ఒకే తీరుగా విరుగుతుంది. సర్ఫర్లకు కావాల్సింది ఇదే. పట్టు తప్పితే పడేది కూడా ఆ దిబ్బ మీదే.

తెహుపోలో ఇంకో విశేషం ఉంది. కొండల మీంచి వచ్చే మంచినీరు ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. మంచినీటిలో పగడాలు సరిగ్గా పెరగవు. దాంతో దిబ్బ మధ్యలో ఒక దారి ఏర్పడింది. అల ఆ దారి అంచున విరుగుతుంది, దారిలో మాత్రం నీరు లోతుగా ఉంటుంది. అందుకే ఫొటోగ్రాఫర్లు, రెస్క్యూ టీమ్‌లు అలకు అంత దగ్గర్లో పడవలు ఆపుకోగలుగుతారు.

అల ఎక్కడి నుంచి వస్తుంది?

తాహితీలో ఆకాశం నిర్మలంగా ఉన్న రోజే పెద్ద అలలు రావచ్చు. ఎందుకంటే వాటిని పుట్టించే తుపాన్లు వేల కిలోమీటర్ల దూరంలో, అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ సముద్రంలో ఉంటాయి. అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా గాలులు బలంగా వీస్తాయి. ఇక్కడ సీజన్ కూడా అదే.

అలా దూరం నుంచి ప్రయాణించి వచ్చే అలలనే స్వెల్ అంటారు. ఇందులో ఎత్తు ఎంత ముఖ్యమో పీరియడ్ కూడా అంతే ముఖ్యం. ఒక అల వెళ్లాక ఇంకోటి రావడానికి పట్టే టైమే పీరియడ్.

లెక్క ఇలా ఉంటుంది. 8 సెకన్ల అల పొడవు లోతు నీటిలో సుమారు 100 మీటర్లు. 16 సెకన్ల అలది సుమారు 400 మీటర్లు. అంటే పీరియడ్ రెట్టింపైతే పొడవు నాలుగు రెట్లు. పొడవులో సగం లోతు వరకు అల కదలిక ఉంటుంది. కాబట్టి 16 సెకన్ల అల తనతో పాటు 200 మీటర్ల లోతు దాకా నీటిని కదిలిస్తూ వస్తుంది. ఈ స్వెల్ శక్తి గంటకు దాదాపు 45 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. అందుకే 3,000 కిలోమీటర్ల దూరంలో తుపాను కనిపిస్తే, అల రావడానికి సుమారు మూడు రోజుల ముందే నిర్వాహకులకు తెలిసిపోతుంది.

అడుగున ఏం జరుగుతుంది?

మామూలు తీరాల్లో లోతు మెల్లగా తగ్గుతుంది. అల అడుగుకు రాసుకుంటూ కొంత బలం పోగొట్టుకుంటుంది. తెహుపోలో ఆ ఛాన్స్ లేదు. లోతైన సముద్రం నుంచి దిబ్బ ఒక్కసారిగా గోడలా లేస్తుంది. కింది నీరు ఆగిపోతుంది, పైనీరు ముందుకు దూకుతుంది. అలా ఏర్పడే గొట్టాన్నే బ్యారెల్ అంటారు. అదే సమయంలో అల దిబ్బ మీద ఉన్న నీటిని కూడా తనవైపు లాగేసుకుంటుంది. దాంతో ముందున్న నీటిమట్టం ఇంకా పడిపోతుంది. పడినవాళ్లకు మిగిలేది ఆ కాస్త నీరే.

2000లో ఒక స్థానిక సర్ఫర్ పెద్ద అల కింద నుంచి దాటబోయి, దిబ్బను ఢీకొని ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది ఆగస్టు 17న లెయిర్డ్ హామిల్టన్ ఇక్కడే పట్టిన భారీ అల 'మిలీనియం వేవ్'గా చరిత్రలో నిలిచిపోయింది.

గాలి, పోటు మాటేమిటి?

గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తే అల ముఖం నున్నగా ఉంటుంది, గొట్టం నిలబడుతుంది. ఎదురుగా వీస్తే అల చెదిరిపోతుంది. పోటు విషయంలో తాహితీ చాలా స్పెషల్. ఇక్కడ చంద్రుడి ప్రభావం దాదాపు కనిపించదు, సూర్యుడిదే పైచేయి. అందుకే రోజూ మధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతంలో పోటు, ఉదయం ఆరు, సాయంత్రం ఆరు ప్రాంతంలో ఆటు. నీటిమట్టంలో తేడా ఒక అడుగుకు కాస్త అటూ ఇటూ. మీటరు లోతులో ఆ అడుగు కూడా లెక్కే.

దిబ్బ పోతే అలా పోతుంది!

ఒలింపిక్స్ కోసం జడ్జీలకు పాత చెక్క టవర్ స్థానంలో అల్యూమినియం టవర్ కట్టాలనుకున్నప్పుడు స్థానికులు ఆందోళనకు దిగారు. 2023 డిసెంబర్‌లో ట్రయల్ సందర్భంగా ఒక బార్జ్ తగిలి పగడాలు విరిగాయి. టవర్ సైజును అంతకుముందే తగ్గించారు. వాళ్ల భయం పర్యావరణం ఒక్కదాని గురించే కాదు. ఆ దిబ్బే చేపలకు ఇల్లు, ఊరికి అడ్డుగోడ, అలకు అచ్చు.

మనకేంటి సంబంధం?

దక్షిణ సముద్రపు తుపాన్ల నుంచి హిందూ మహాసముద్రం మీదుగా మన తీరాలకూ స్వెల్ వస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర అంచనాల్లో అలల ఎత్తు, దిశతో పాటు పీరియడ్ కూడా ఉంటుంది. ఆకాశం క్లియర్‌గా ఉంది కదా అని బీచ్‌కు వెళ్లేవాళ్లు ఆ అంకె కూడా చూసుకోవాలి. 1 మీటరు ఎత్తే కదా అనిపించినా, పక్కన 16 సెకన్లకు పైగా ఉంటే ఆ రోజు నీళ్లలోకి దిగకపోవడమే మంచిది. హై వేవ్ హెచ్చరిక ఉంటే ఒడ్డుకు కూడా దూరంగా ఉండాలి.