భద్రాచల కల్యాణం: అడవి అంచు పట్టణానికి ఖండాంతర ఖ్యాతి

ఖమ్మం సీమ అడవుల అంచున, గోదావరి తీరాన గల భద్రాచలం చిన్న పట్టణం. దాని పేరు కలిగిన 'భద్రాచలం రోడ్' రైల్వే స్టేషన్ సైతం సుమారు 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉన్నది. అయినప్పటికీ ఈ పట్టణం పేరు విదేశాలలోని తెలుగువారికీ సుపరిచితమే. చైత్ర శుద్ధ నవమినాడు ఇక్కడ జరిగే శ్రీ సీతారాముల కల్యాణమే ఇందుకు ప్రధాన కారణం.

17వ శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ముతో ఆలయం నిర్మించినాడన్న అభియోగంపై గోల్కొండలో ఖైదు అనుభవించినట్లు ప్రతీతి. ఆయనే భక్త రామదాసు. ఖైదు చేయించిన తానీషాయే అనంతరం కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీకి శ్రీకారం చుట్టినాడని జనశ్రుతి. ముస్లిం పాలకుని పేరు రాముని పెళ్లితో ముడిపడిన ఈ వృత్తాంతం తెచ్చిన కీర్తిని ఎంత ప్రచారమూ తేజాలదు. నేటికీ ప్రభుత్వం పక్షాన పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పించబడుతున్నాయి.

ఈ ఖ్యాతిని ఇంటింటికీ చేర్చిన ఘనత ఆకాశవాణిది. ఉషశ్రీ ప్రత్యక్ష వ్యాఖ్యానం ద్వారా, భద్రాద్రిని ఎన్నడూ చూడనివారు సైతం కల్యాణ వైభవాన్ని ఊహించుకోగలిగినారు. కరోనా కారణంగా 2020, 2021 సంవత్సరాలలో భక్తులు లేకుండానే ఆలయంలో కల్యాణం జరుగగా, ప్రజలు టెలివిజన్‌లో తిలకించినారు. రామదాసు కీర్తనలు కర్ణాటక సంగీత వేదికల ద్వారా తెలుగేతరులకూ చేరినవి.

2014లో రాష్ట్ర విభజన ఈ గుర్తింపునకు పరీక్షగా నిలిచినది. పట్టణం తెలంగాణలో ఉండగా, పోలవరం ముంపు కారణంగా చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయినవి. పురుషోత్తపట్నంలోని ఆలయ భూములు సైతం సరిహద్దు ఆవల మిగిలినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015 నుండి కడప జిల్లా ఒంటిమిట్టలో అధికారిక కల్యాణం నిర్వహిస్తున్నది. భద్రాచలానికి భక్తుల రాక మాత్రం ఆగలేదు.

అయితే లోపం లేకపోలేదు. భద్రగిరిపై విగ్రహాలను కనుగొన్నది పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలని స్థలపురాణం చెబుతున్నది. అయినను బయటి ప్రపంచం ఎరిగిన భద్రాచలంలో కోయల పండుగలకు, కళలకు దక్కిన చోటు స్వల్పమే. యాత్రికులలో అనేకులు నవమికో, ముక్కోటి ఏకాదశి తెప్పోత్సవానికో వచ్చి, పర్ణశాల చూసి వెనుదిరుగుతారు. చుట్టూ ఉన్న మన్యం వారికి దారి పొడవునా కనిపించే పచ్చదనంగానే మిగిలిపోతున్నది. 2022 డిసెంబరు 28న రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపది ముర్ము ఇక్కడ 'ప్రసాద్' పథకం పనులకు శంకుస్థాపన చేసినారు. ఈ పనులు ఆలయ వసతులకే పరిమితమగునా, గిరిజన గ్రామాల వరకు యాత్రికుని నడిపించునా అన్నది గమనించదగిన విషయం.

2022 నుండి ఆర్టీసీ కార్గో ద్వారా తలంబ్రాలు భక్తుల ఇళ్లకు చేరుతున్నాయి. తూర్పుగోదావరి జిల్లా కోరుకొండ ప్రాంత భక్తులు తలంబ్రాల కోసమే ప్రత్యేకంగా వరి పండించి, గింజలను గోటితో ఒలిచి, రాష్ట్ర సరిహద్దు దాటి భద్రాద్రికి చేరుస్తున్నారు.