పిల్లిపిల్ల ఇంటికి రాకముందే

పిల్లిపిల్లను తెచ్చుకుందామని పిల్లలు మారాం చేయని ఇల్లు అరుదు. మా ఇంట్లోనూ అదే జరిగింది. అయితే ఆ ముచ్చట చెప్పుకోవడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. పిల్లి గడప దాటి లోపలికి రాకముందే ఇంట్లో ఏమేమి ఉండాలి, ఏవి ఉండకూడదు అనే సంగతులు మేము నష్టపోయి నేర్చుకున్నాము. ఆసిఫాబాద్ లాంటి ఊళ్లో, బజారులో దొరికే వాటితోనే సర్దుకోవలసిన కుటుంబాలకు అవి పనికి వస్తాయని మా ఆశ.

మా మొదటి పిల్లి రెండేళ్ల క్రితం వానాకాలంలో వచ్చింది. పక్కింటివారి కట్టెల కొట్టంలో పుట్టిన నాలుగింటిలో ఒకటి. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. బడి సంచిలో పెట్టుకుని తెచ్చేసింది. తల్లి పాలు మరిచే వయసు కూడా కాదు దానికి. మేము ఏ ఏర్పాటూ చేయలేదు. పళ్లెంలో అన్నం, అందులో పాలు, మూలన ఒక పాత చీర. పిల్లికి ఇంకేం కావాలి అనుకున్నాము. రెండో రోజే విరేచనాలు పట్టుకున్నాయి. పది రోజులకు తుమ్ములు, ఒళ్లు వేడి. ఆ రాత్రి వాన కురుస్తోంది. పిల్లలకు జ్వరం వస్తే పోసే పారాసిటమాల్ సిరప్ అలమరలో ఉంది. మనుషుల పిల్లలకు ఇచ్చేదే కదా, ఏమవుతుందిలే అని అర చెంచా పోశాము.

కొన్ని గంటల్లో దాని ముఖం ఉబ్బింది. నోరు తెరిచి ఎగశ్వాస పీల్చింది. చిగుళ్లు చాక్లెట్ రంగుకు తిరిగాయి. తెల్లవారేసరికి పోయింది.

"మందు పోసినం గదా, మరి ఎందుకు సచ్చిపోయింది?" అని మా అమ్మాయి అడిగింది. "దేవుడు తీసుకున్నాడమ్మా" అన్నాము. అప్పటికి మాకు తెలిసింది అంతే. తెలియనప్పుడు దేవుని మీద పెట్టడం సులువు.

ఆరు నెలల తరువాత మేకకు టీకా వేయించడానికి పశువుల దవాఖానకు వెళ్లినప్పుడు మాటల్లో ఈ సంగతి వచ్చింది. డాక్టరుగారు సిరప్ పేరు విని తల పట్టుకున్నారు. మన కాలేయం పారాసిటమాల్‌ను విరిచి బయటకు పంపగలదు. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైము దాదాపు లేదు. మందు విషమై రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది, రక్తం ఇక ప్రాణవాయువును మోయలేదు. అందుకే చిగుళ్లు గోధుమ రంగుకు మారతాయి. ఎదిగిన పిల్లికైనా ఒక్క మాత్ర ప్రాణాంతకం కావచ్చు. వెంటనే తీసుకువస్తే విరుగుడు మందు ఉందట.

అమ్మాయికి చెప్పాలా వద్దా అని మేమిద్దరం చాలా రోజులు తర్జనభర్జన పడ్డాము. చివరికి ఒక ఆదివారం, గుడి నుండి వచ్చాక, కూర్చోబెట్టి చెప్పాము. అది ఏడవలేదు. కాసేపు ఊరుకుని, "అయితే దేవుడు తీసుకోలేదన్నమాట" అంది. మా దగ్గర జవాబు లేకపోయింది.

రెండోసారి

ఈ ఏడాది మళ్లీ పిల్లి మాట వచ్చినప్పుడు ముందు చీటీ రాసుకున్నాము. గోడ క్యాలెండర్‌లో చింపిన కాగితం వెనుక మా అమ్మాయే రాసింది. మొదటి వరుసలో గిన్నె లేదు, బుట్ట లేదు. "మందుల డబ్బాకు తాళం" అని ఉంది. మేమేమీ అనకుండా తాళం కొన్నాము.

ఆ చీటీ చూసి పిల్లల బాపమ్మ నవ్వింది. "గా పిల్లికి గిన్ని సామాన్లేంది బిడ్డా? మా కాలంల దానంతట అదే బతుకుతుండె." తరువాత తానే అంది, "అయిదు పుడితే ఒక్కటి మిగిలేదనుకో."

ఈసారి పిల్లకు ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచమని ఇచ్చేవారిని బతిమాలాము. అప్పటికి అది ముద్ద తినడం, ఇసుకలో మూత్రం పోయడం తల్లిని చూసే నేర్చుకుంటుంది. సగం శ్రమ మనకు తప్పుతుంది.

ఇసుక తొట్టి సంగతి

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసింది దీని గురించే. ఇల్లంతా వాసన అవుతుందని చివరకు పిల్లిని వదిలేసేవారు ఎందరో ఉన్నారు. తప్పు పిల్లిది కాదు, తొట్టిది.

పూర్వం పడమటి దేశాల్లోనూ బూడిదో, మట్టో, ఇసుకో వాడేవారు. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కసోపొలిస్ అనే చిన్న ఊళ్లో పొరుగింటావిడ పిల్లి కోసం కొంచెం ఇసుక ఇమ్మని ఎడ్వర్డ్ లో అనే యువకుణ్ణి అడిగింది. కర్మాగారాల్లో నేల మీద ఒలికిన నూనెను పీల్చడానికి వాడే మట్టి పలుకులు అతని వద్ద ఉంటే అవి ఇచ్చాడు. ఆవిడ మళ్లీ అదే కావాలంది. అతడు అయిదు పౌన్ల సంచుల్లో పోసి 65 సెంట్లకు అమ్మకానికి పెట్టాడు. ఇసుక ఊరికే దొరుకుతుంటే డబ్బు పెట్టి ఎవరు కొంటారని దుకాణదారు అన్నాడట. అదే ఈనాడు ప్రపంచమంతా అమ్ముడుపోతున్న పిల్లి మట్టికి మొదలు.

మన దగ్గర ఇప్పటికీ ఇసుకే చవక. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకను జల్లించి, రెండు రోజులు ఎండలో ఆరబోస్తే చాలు. వానాకాలంలో ఆరదు. అందుకని ఒక గోనెసంచెడు ముందే ఆరబెట్టి దాచుకున్నాము. వడ్ల ఊక తేలిక, కానీ కాళ్లకు అంటుకుని ఇల్లంతా చల్లుతుంది. కోతమిల్లు పొట్టు బాగా పీలుస్తుంది. అయితే చెదలమందు పూసిన కట్టె పొట్టు కాదని రూఢి చేసుకోవాలి. పొయ్యి బూడిద మాత్రం వద్దు. ముక్కులోకి పోయి తుమ్ములు తెప్పిస్తుంది.

తొట్టికి బట్టలు నానబెట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తెచ్చాము. పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. పిల్ల దిగలేదని ఒక వైపు అంచు కోసి, గరుకు లేకుండా కొవ్వొత్తితో కాల్చాము. రెండు మూడు అంగుళాల మేర ఇసుక పోస్తే చాలు. అన్నం గిన్నె పక్కన పెడితే అది ముట్టదు. మనమైనా ముట్టము కదా.

రోజూ తీసి పారేయాలి. ఇది శుభ్రత కోసం మాత్రమే కాదు. పిల్లి మలంలో టోక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది బయటపడిన వెంటనే అంటుకోదు, ఒకటి నుండి అయిదు రోజులు పడుతుంది. ఏ రోజుది ఆ రోజు తీస్తే ఆ భయం చాలా తగ్గుతుంది. గర్భిణులకు సోకితే కడుపులో బిడ్డకు హాని. కాబట్టి ఆ ఇంట్లో ఈ పని మగవారు చేయాలి. (మా ఇంట్లో గర్భిణులు లేకపోయినా మగవారే చేస్తున్నారని ఇందుమూలముగా తెలియజేయడమైనది.)

తొట్టిని ఫినాయిల్‌తో కడగవద్దు. ఇల్లు తుడిచే నీళ్లలోనూ అది వద్దు. ఆ జాతి మందులను సైతం పిల్లి కాలేయం విరవలేదు. అది తడి నేల మీద నడిచి ఆ పాదాలను నాలుకతో శుభ్రం చేసుకుంటుంది. వేడినీళ్లు, సబ్బు చాలు. సీసా అంతకుముందు తొట్టి పక్కనే ఉండేది.

పాలు పోయవద్దంటే ఎవరూ నమ్మరు

పిల్లి పేరు చెబితే పాలు గుర్తుకు రావడం మనకు పుట్టుకతో వచ్చింది. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లిని సామెతల్లో కూడా వదలలేదు. కానీ తల్లిపాలు మానిన పిల్లికి పాలలోని చక్కెర అరగదు. మా మొదటిదానికి విరేచనాలు అందుకే అని ఇప్పుడు అనుకుంటున్నాము. నీళ్లే దాని పానీయం. ఎండలు 45 డిగ్రీలకు చేరే మన ప్రాంతంలో రెండు చోట్ల నీళ్లు ఉండాలి. ఒకటి మట్టి మూకుడులో పెట్టాము. మీసాలు అంచుకు తగలకుండా వెడల్పుగా ఉంటే ఇష్టంగా తాగుతుంది. తిండికి స్టీలు పళ్లెం మేలు. ప్లాస్టిక్ గీతలు పడి మురికి పట్టుకుంటుంది.

అన్నం, జొన్నరొట్టె ముక్కలు కడుపు నింపుతాయి గాని ఒళ్లు నిలబెట్టవు. పిల్లి మాంసాహారిగా పుట్టింది. టారిన్ అనే పదార్థం దానికి మాంసం నుండే రావాలి. అది చాలకపోతే చూపు మందగిస్తుందని 1975లో తేలింది. గుండె ఉబ్బి బలహీనపడటానికి కూడా అదే కారణమని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని డేవిస్ పశువైద్యులు కనుగొన్నారు. అంతవరకు డబ్బు పెట్టి కొన్న తిండి తిన్న పిల్లులు కూడా ఆ జబ్బుతో చనిపోయేవి. ఆ తరువాత కంపెనీలు టారిన్ పాళ్లు పెంచాయి.

కనుక కొనగలిగినవారు పొట్లం తిండి కొనండి. పిల్లకూనలకు అని, సంపూర్ణాహారం అని రాసి ఉన్నదే చూసుకోండి. తేదీ చూడండి. గోనెలో విప్పిపెట్టి కిలోల లెక్కన అమ్మేది వద్దు. ఎప్పటిదో తెలియదు. మేము పొట్లం తిండి సగం, ఇంటి తిండి సగం పెడుతున్నాము. కోడిమాంసం కొట్టులో గుండెకాయలు చవకగా ఇస్తారు. వాటిలో టారిన్ ఎక్కువ. ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ఆ నీళ్లతో సహా పెడతాము. చేపను ఉడికించి ముళ్లు తీయాలి. ఎండుచేపల్లో ఉప్పు మరీ ఎక్కువ. మన కూర గిన్నెలో ముక్క తీసి పెట్టడం మానాలి. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తాన్ని పాడు చేస్తాయి. పండుగ రోజు బిర్యానీ ఎముక పెట్టడానికి వచ్చే బంధువులను ఆపడమే అన్నిటికంటే కష్టమైన పని.

మిగిలిన సామాను

పడకకు మేదరివారి దగ్గర వెదురు బుట్ట కొన్నాము. ఇక్కడి అడవుల వెదురు ఒకప్పుడు కాగజ్‌నగర్ మిల్లులో కాగితమయ్యేది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లి మంచమయింది. చలికాలంలో మన జిల్లాలోని సిర్పూర్ (యు) వైపు ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగుతుంది. పిల్లకూన ఆ చలికి తట్టుకోలేదు. సీసాలో వేడినీళ్లు పోసి, గట్టిగా మూత బిగించి, తువాలు చుట్టి బుట్టలో ఒక పక్కన పెట్టాలి. మూసిన గదిలో కుంపటి మాత్రం వద్దు. ఆ పొగ పిల్లికే కాదు, మనకూ ప్రమాదం.

గోళ్లు గీరుకోవడానికి ఒక గుంజ కావాలి. లేకపోతే దాని కన్ను మీ పరుపు మీద పడుతుంది. మూడడుగుల సండ్ర కట్టెకు జనపనార తాడు దగ్గరగా చుట్టి, బరువైన పలకకు బిగించాము. ఊగితే అది దగ్గరికి రాదు. పొట్టిగా ఉన్నా రాదు, ఒళ్లు విరుచుకోవాలి కదా.

మెడకు రిబ్బను, గంట కట్టాలని పిల్లలకు ముచ్చట. ఎక్కడైనా చిక్కుకుంటే ఉరి పడుతుంది. లాగితే తనంతట తాను విడిపోయే పట్టీ దొరికితే సరే, లేకపోతే మెడ బోసిగా ఉండటమే మంచిది. ఆటకు నలిపిన కాగితం ఉండ, గింజ వలిచిన మొక్కజొన్న కండె చాలు. దారం ఉండ మాత్రం ఇవ్వవద్దు. సినిమాల్లో ముద్దుగా కనిపిస్తుంది గాని, దారం మింగితే పేగులు ముడతలు పడి కోసుకుపోతాయి. కుట్టు మిషను ఉన్న ఇళ్లలో సూదీ దారం సాయంత్రం లెక్క చూసుకోండి.

దవాఖానకు తీసుకువెళ్లడానికి కూరగాయల ప్లాస్టిక్ క్రేట్లు రెండు బోర్లించి తాడుతో కట్టాము. గాలి ఆడుతుంది, ఆటోలో దూకదు. అన్నీ కలిపి తిండి కాకుండా ఆరు వందలు దాటలేదు. టీకాలు ఎనిమిదో వారం నుండి మొదలు పెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేవరకు వేయించాలి. కుక్కకాటు జబ్బుకు టీకా మూడో నెలలో. పిల్లి టీకా ప్రతిచోటా ఎప్పుడూ ఉండదు కనుక ముందే అడిగి వెళ్లండి. ఏ పిల్లి కరిచినా, రక్కినా ఆ చోటును పావుగంట సబ్బునీళ్లతో కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లవలసిందే.

ఇక బయట పెట్టవలసినవి. మనది పత్తి జిల్లా. పురుగుమందు డబ్బా మంచం కింద ఉండే ఇళ్లు మనకు తెలుసు. ఎలుకల మందు అంతకంటే మోసం. ఆ ఎలుకను తిన్న పిల్లి కూడా పోతుంది. పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకల మందు ఎందుకని బాపమ్మే తీసి పారేయించింది. కుక్కలకు పేలు పోవడానికి వేసే కొన్ని మందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లి ఒంటి మీద వేస్తే వణుకు వచ్చి పడిపోతుంది.

కొత్తది వచ్చి నాలుగు నెలలయింది. నల్లది, ఛాతీ మీద తెల్ల మచ్చ. నల్లపిల్లి ఎదురైతే కీడని ఒకరిద్దరు గేటు దగ్గర ఆగుతున్నారు. బైబిలులో గాడిద, ఒంటె, కుక్క అన్నీ ఉన్నాయి, ఇంటి పిల్లి ఎందుకు లేదని మా అమ్మాయి సండేస్కూలు టీచరును అడిగిందట. దానికి ఏ పేరు పెట్టాలో ఇంకా తేలలేదు. వెదురు బుట్టలో ఒక్క రాత్రి పడుకుంది. ఆ తరువాత చెప్పుల జత వచ్చిన అట్టపెట్టెలోకి మారిపోయింది.

తాళంచెవి అమ్మాయి దగ్గరే ఉంటుంది. మాకు తలనొప్పి వస్తే దాన్ని అడిగి మాత్ర తీసుకోవాలి. ప్రతి పొద్దున బడికి వెళ్లేముందు అది పిల్లి పై పెదవిని బొటనవేలితో మెల్లగా పైకెత్తి చూస్తుంది. "గులాబీ రంగే ఉంది" అని మాకు వినబడేలా చెప్పి, సంచి భుజాన వేసుకుంటుంది.