గారె, దిక్సూచి, ఒక దొంగ తీగ

రండర్రా, ఇలా అరుగు మీదకి. వేరుశెనక్కాయలు మధ్యలో పెట్టుకోండి. తొక్కలు మాత్రం వాకిట్లో వెయ్యకండి, మీ నాయనమ్మ నన్ను తిడుతుంది. టెక్సస్‌లో మీ పెద్దనాన్న ఇంట్లో ఉన్నప్పుడు ఒక దొంగను పట్టాం, ఆ కథ చెబుతాను.

అక్కడ సెలవులొస్తే ఇంటినే కారు వెనక కట్టుకుని పోతారు. నవ్వకండి, నిజం! మంచాలు, పొయ్యి, నీళ్లతొట్టి, అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. ట్రెయిలర్ అంటారు. పెద్దనాన్నదానికి నాలుగు చక్రాలు. నిండు బండి పల్లంలోకి దిగేటప్పుడు కాడి ఎద్దుల మెడల మీదకి ఎలా తోసుకొస్తుందో చూశారుగా? ఇదీ అంతే, ముందున్న వాహనాన్ని తోసేస్తుంది. అందుకని దాని చక్రాలకీ బ్రేకులు పెట్టారు. అవి కరెంటు బ్రేకులు.

ప్రతి చక్రం డ్రమ్ములోనూ గారె అంత విద్యుదయస్కాంతం ఒకటి ఉంటుంది. డ్రైవరు బ్రేకు తొక్కగానే అతని దగ్గరున్న కంట్రోలరు కరెంటు పంపుతుంది. గారె వెళ్లి తిరుగుతున్న డ్రమ్ముకి ఠక్కున అతుక్కుంటుంది. అమ్మ చీరకొంగు పట్టుకున్న చంటాడు అమ్మ వెంట ఈడ్చుకుపోడూ? అలా డ్రమ్ము దాన్ని లాక్కుపోతుంది. ఆ లాగుడికి ఒక మీట కదిలి, బ్రేకు షూలను డ్రమ్ముకేసి నొక్కుతుంది. చూశారా తమాషా! చక్రాన్ని ఆపే బలం చాలావరకు చక్రమే ఇస్తుంది. కరెంటు పని కొంగు పట్టించడమే.

మరి దొంగతనం ఏమిటంటారా? ఆ బ్రేకులు ఒకసారి పడేవి, ఒకసారి పడేవి కావు. గతుకుల్లో మాయం, మెకానిక్కు ముందు నిలబెడితే భేషుగ్గా ఉండేవి. డాక్టరు గుమ్మం ఎక్కగానే దగ్గు ఆగిపోయినట్టు! పెద్దనాన్న ప్లగ్గు విప్పి మల్టీమీటరు పెట్టి, ‘12 వోల్టులూ వస్తున్నాయి నాన్నా, వైర్ల తప్పేం లేదు’ అన్నాడు.

పంపుసెట్టు మోటార్లు చుట్టిన చేతులివి, ఊరుకుంటానా? పెరట్లో నీళ్ల గొట్టంలో చెత్త అడ్డం పడిందనుకోండి. కొసని బొటనవేలితో మూస్తే వేలి మీద ఒత్తిడి బాగానే తెలుస్తుంది. వేలు తీస్తే వచ్చేది సన్నటి ధారే. మీటరు కూడా మూసిన వేలి లాంటిదే, కరెంటు తాగనే తాగదు. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా 12 అనే చెబుతుంది. వంతెన మీద పిల్లిని నడిపించి, ఏనుగు కూడా దాటుతుందనుకుంటే ఎలా?

ఇక్కడ ఏనుగులు నాలుగు. ఒక్కో అయస్కాంతం సుమారు 3 ఆంపియర్లు తాగుతుంది, మొత్తం 12. అంటే నాలుగూ కలిసి కరెంటుకి పెట్టే అడ్డం ఒక్క ఓమ్. ప్లగ్గులో పట్టిన చిలుము ఇంకో ఓమ్ అడ్డం పెట్టిందా, సగం వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. అయస్కాంతాలకి మిగిలేది 6. ఇత్తడి చెంబుకి పట్టే ఆ పచ్చటి చిలుమేనర్రా, అంత బండిని అదుపు తప్పిస్తుంది!

అందుకని ఈసారి అయస్కాంతాలకి పోయే నీలం వైరులోనే ఆంపియర్ల మీటరు కలిపాం. చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టాం. కంట్రోలరుకి చేత్తో నొక్కే మీట కూడా ఉంటుంది, పెద్దమ్మ కారులో కూర్చుని దాన్ని నొక్కింది. నేను ప్లగ్గు కదిలించాను. 12, 7, మళ్లీ 12, సున్నా! విప్పి చూస్తే ఏడు పిన్నుల ప్లగ్గులో తెల్ల వైరు, అంటే ఎర్తు, చిలుముపట్టి ఊగుతోంది. పోయిన కరెంటు తిరిగి రావాలిగా, దారి అక్కడ తెగింది. శుభ్రం చేసి బిగించాం.

అయిపోయిందనుకున్నారా? ట్రెయిలర్ని పట్టుకుని ఊపితే 12 కాస్తా 9 అయింది. మూడు తగ్గాయంటే ఒక చక్రం సెలవు పెట్టినట్టు. ఏది? డ్రమ్ములన్నీ విప్పాలా? అక్కర్లేదు. మీ అన్న దిక్సూచి తెమ్మన్నాను. 1820లో కోపెన్‌హాగెన్‌లో ఓర్‌స్టెడ్ అనే ఆచార్యుడు పాఠం చెబుతూ తీగలో కరెంటు పంపితే, పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. కరెంటుకీ అయస్కాంతానికీ చుట్టరికం ఉందని లోకానికి తెలిసింది అలాగే. రెండొందల ఏళ్ల తర్వాత నేను ఆ పాఠమే నేల మీద చతికిలబడి చదివాను. మీట నొక్కినప్పుడల్లా మూడు చక్రాల దగ్గర ముల్లు గంతేసింది. నాలుగోదాని దగ్గర, బండి ఊపితే, ఒకసారి గంతు, ఒకసారి నిద్ర.

ఆ చక్రానికి వైరు బోలు ఇరుసులోంచి పోతుంది. లాగి చూశాం. బావి ఒర మీద చేదతాడు ఒరిసినట్టు, రంధ్రం అంచుకి ఒరిసి ఒరిసి తొడుగు పోయింది, రాగి పోగులు తెగి ఒకటో రెండో మిగిలాయి. బండి కుదుపుకి అవి కలిస్తే బ్రేకు, విడితే లేదు. అదీ దొంగ! కొత్త వైరు వేసి ఇరుసు పైనుంచి కట్టేశాం. ఎంత ఊపినా మీటరు 12 దగ్గరే కూర్చుంది.

‘బాగైంది కదా మామయ్యగారూ, దిగిపోనా?’ అంది పెద్దమ్మ. ‘ఇంకో నాలుగుసార్లు నొక్కమ్మా’ అన్నాను. ‘దేనికి?’ అంది. దేనికేముందర్రా, ముల్లు గంతులు చూద్దామని!