పాలు పడనివారికి మజ్జిగ ఎందుకు పడుతుంది?

నస్పూరు వంటి బొగ్గుగనుల ఊళ్ళలో ఉదయపు షిఫ్టుకు పోయేవారు పరగడుపున గ్లాసెడు పాలు త్రాగితే, కొందరికి గంట రెండు గంటలలో కడుపు ఉబ్బి గుడగుడలాడుతుంది. విరేచనము కూడ కావచ్చును. గనిలో దిగిన మనిషికి ఇది చిన్న ఇబ్బంది కాదు. అదే మనిషి జొన్న గటకలో మజ్జిగ పోసుకొని సుఖముగా తినగలడు. కారణమేమి?

పాలలో లాక్టోజు అనే చక్కెర నూరు మిల్లీలీటర్లకు సుమారు 5 గ్రాములు ఉంటుంది. చిన్నప్రేవుల గోడలలోని లాక్టేజు అనే ఎంజైము దానిని విడగొట్టితేనే అది రక్తములో చేరుతుంది. శిశువులలో ఈ ఎంజైము పుష్కలము; పెరిగినకొద్దీ చాలమందిలో తగ్గిపోతుంది. ప్రపంచములోని పెద్దవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది ఇట్టివారే. మన దేశములో వాయవ్య ప్రాంతముకంటె దక్షిణమున వీరు ఎక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1972లోనే ఈ విషయముపై పరిశోధన ప్రకటించారు.

జీర్ణముకాని లాక్టోజు ప్రేవులలోనికి నీటిని లాగుతుంది. పెద్దప్రేవులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి హైడ్రోజను మొదలైన వాయువులను పుట్టిస్తాయి. ఉబ్బరము, విరేచనము వీటి ఫలితమే. పెరుగు తోడుకొనేటప్పుడు సూక్ష్మజీవులు లాక్టోజులో కొంత భాగమును ముందే వాడుకొంటాయి. మిగిలినది జీర్ణమగుటకు కూడ తోడ్పడతాయి. మజ్జిగలో నీరు కలియుటచే అది ఇంకను పలుచబడుతుంది.

రెండు వారములు పాలు మాని చూడండి. బాధ తగ్గి, మరల త్రాగగానే తిరిగి వస్తే కారణము లాక్టోజే కావచ్చును. శ్వాసలోని హైడ్రోజనును కొలిచి వైద్యులు దీనిని నిర్ధారిస్తారు. మలములో రక్తము, జ్వరము, బరువు తగ్గుట కనిపిస్తే మాత్రము ఇంటి పరీక్షలతో కాలము గడపక వైద్యుని చూడవలెను.

పాలను పూర్తిగా వెలివేయనక్కరలేదు. ఇట్టివారిలో పలువురు ఒకసారికి 12 గ్రాముల లాక్టోజును, అనగా ఒక గ్లాసు పాలను, భోజనముతో కలిపి తీసుకొంటే తట్టుకొనగలరు. చాయలో కలిసే కొద్ది పాలు సాధారణముగా బాధించవు. నేతిలో లాక్టోజు దాదాపు లేదు. పాలు మానినవారు కాల్షియము కొరకు తైదలు, నువ్వులు, మునగాకు తినవలెను.

విరేచనముల జబ్బు తరువాత పిల్లలలో లాక్టేజు తాత్కాలికముగా తగ్గవచ్చును. ప్రేవులు కోలుకొనగానే మరల పుడుతుంది. ఆ భయముతో శిశువుకు తల్లిపాలు ఆపరాదు. ఆపితే కలిగే నష్టము కడుపుబ్బరముకంటె ఎన్నో రెట్లు పెద్దది.