పోరడు ఉంటడా, పోతడా?

2015ల లివర్‌పూల్ అభిమానుల నడుమ ఒకటే పంచాది. ఇరవై ఏండ్ల రహీం స్టెర్లింగ్ వారానికి లక్ష పౌండ్ల కాంట్రాక్టు వద్దన్నడు. పోరనికి పైసల ఆశ అని కొందరు, ఉంచుకునే తెలివి క్లబ్బుకే లేదని ఇంకొందరు. నాకు పైసల యావ లేదని ఆయన బీబీసీల చెప్పుకున్నడు గని, ఇనేటోళ్లేరి?

అసలు కిటుకు తారీకుల ఉన్నది. 1995ల బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసుల యూరప్ కోర్టు తీర్పిచ్చింది. కాంట్రాక్టు ఒడిసినంక ఆటగాడు వేరే క్లబ్బుకు పోతె, పాత క్లబ్బుకు పైస ఇయ్యనక్కరలేదు. అందుకే గడువు దగ్గరపడ్డకొద్ది ఆటగాని బలం పెరుగుతది, క్లబ్బుకు వచ్చే ధర కరుగుతది. స్టెర్లింగ్‌కు ఇంక రెండేండ్లు ఉండె. లివర్‌పూల్ గా జులైలనే 4.9 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ సిటీకి అమ్మేసింది.

గదే క్లబ్బు ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ గడువును ఆఖరిదాక రానిచ్చింది. ఆరేండ్లప్పటిసంది ఆడనే పెరిగిన పిలగాడు. 2025 జూన్ 30కి కాంట్రాక్టు ఒడుస్తదనంగ రియల్ మాడ్రిడ్‌కు పోయిండు. నెల ముందు ఇడిచిపెట్టినందుకు జరంత సొమ్ము ముట్టింది, గంతే. పోతున్నడని తెల్వంగనే సొంత గ్రౌండులనే జనం బూ అని అరిసిన్రు. నన్నడిగితె, గా అరుపులల్ల సగం ఆఫీసుల కూసున్నోళ్లకు తగలాలె.